లాస్ట్ ధారావాహికలో ఆ దిక్సూచి ఎక్కడ పుట్టింది?

ప్రశ్న: తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

అందరికీ నమస్కారం. మా అక్కా నేనూ ఈ వేసవిలో రాత్రి భోజనాలయ్యాక రోజుకు రెండు భాగాల చొప్పున లాస్ట్ ధారావాహికను మొదటి నుంచి చివరిదాకా చూశాము. 2004 సెప్టెంబరు 22న అమెరికాలో ఏబీసీ ఛానెల్‌లో మొదలై 2010 మే 23న ఆరో సీజన్‌తో ముగిసిన కథ కాబట్టి, దీని మీద చర్చలన్నీ ఏనాడో అయిపోయి ఉంటాయని నాకు తెలుసు. అయినా ఇందులోని కాలప్రయాణం గురించి తెలుగులో నిదానంగా మాట్లాడుకోవాలని మా కోరిక. చివరిదాకా చూడనివారు దయచేసి ఇక్కడితో ఆగిపోండి. కింద కథంతా బయటపడుతుంది.

సిడ్నీ నుంచి లాస్ ఏంజలెస్‌కు వెళ్తున్న ఓషియానిక్ 815 విమానం ఒక దీవి మీద కూలడం, బతికినవారికి అడవిలో పొగలాంటి భూతం ఎదురుకావడం, 108 నిమిషాలకు ఒకసారి మీట నొక్కకపోతే ప్రమాదమని చెప్పే నేలమాళిగ దొరకడం, ఇవన్నీ మేము హాయిగానే చూశాము. అయిదో సీజన్‌కు వచ్చేసరికి ఎవరు ఏ సంవత్సరంలో ఉన్నారో గుర్తు పెట్టుకోవడం మా వల్ల కాలేదు. దీవివాసుల నాయకుడు బెన్ అక్కడి నేల అడుగున ఉన్న మంచు పట్టిన చక్రాన్ని తిప్పిన తర్వాత, దీవి మీద మిగిలిపోయిన సాయర్, జూలియెట్, లాక్, భౌతికశాస్త్రవేత్త ఫారడే, మైల్స్ తదితరులు ఒక్కో తెల్లటి మెరుపుకు ఒక్కో కాలంలోకి ఎగిరిపడుతుంటారు కదా. అప్పుడు అక్క ఒక లాంగ్ నోటుబుక్కు తెచ్చి పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టింది. ఆ మనిషి జీవితంలో ఏది ముందు, ఏది తర్వాత జరిగిందో ఎడమవైపు నీలం సిరాతోను, అది క్యాలెండరు ప్రకారం ఏ సంవత్సరమో కుడివైపు ఎర్ర సిరాతోను రాసుకుంటూ పోయాము. సాయర్ పేజీ చక్కగా కుదిరింది. 2004లో విమానం కూలడం, ఆపైన మెరుపులు, 1974లో దీవి మీద పరిశోధనలు చేసే ధర్మా సంస్థవారి మధ్య చేరి మూడేళ్లు జూలియెట్‌తో కలిసి బతకడం, దీవి వదిలి వెళ్లిన జాక్, కేట్, హర్లీ, సాయిద్ 1977లోకి తిరిగి రావడం, చివరికి 2007. ఎర్ర అంకెలు ముందుకూ వెనక్కూ గెంతినా నీలం వరస ఎక్కడా తెగలేదు.

మనుషుల పేజీలన్నీ ఇలాగే కుదిరాయి. దిక్సూచి పేజీ దగ్గర మాత్రం ఇద్దరమూ ఆగిపోయాము. గాయపడి పడి ఉన్న లాక్‌కు, దీవి మీద ఎన్నేళ్లయినా వయసు పెరగని రిచర్డ్ అనే మనిషి ఒక దిక్సూచి ఇచ్చి, మనం ఈసారి కలిసినప్పుడు నేను నిన్ను గుర్తుపట్టను, అప్పుడు దీన్ని నాకు ఇవ్వు అని చెబుతాడు. మెరుపు మెరిసి లాక్ 1954లో తేలతాడు. అక్కడి రిచర్డ్‌కు ఆ దిక్సూచి ఇస్తాడు. రిచర్డ్ దాన్ని దాచిపెట్టుకుని, ఏళ్ల తరబడి వేచి ఉండి, మళ్ళీ లాక్‌కే ఇస్తాడు. మరి దాన్ని తయారు చేసింది ఎవరు? కొన్నది ఎవరు? పేజీలో మొదటి గడిలో ఏమి రాయాలో మాకు తెలియలేదు.

రెండో సందేహం అక్కది. గతాన్ని మార్చలేమని అంతసేపు చెప్పి, చివరికి 1977లో జాక్ చేత హైడ్రోజన్ బాంబును గోతిలోకి వేయించారు. జూలియెట్ రాయితో దాన్ని కొట్టగానే తెరంతా తెల్లబడింది. ఆరో సీజన్‌లో విమానం కూలకుండా లాస్ ఏంజలెస్‌లో దిగడం చూసి, బాంబు పని చేసి కొత్త లోకం పుట్టిందని నేను అన్నాను. ముగింపు చూశాక ఆ మాట నిలబడలేదు. అలాగైతే ఆ బాంబు వల్ల ఒరిగిందేమిటి, జూలియెట్ ప్రాణం ఊరికే పోయిందా అని అక్క కళ్లనీళ్లు పెట్టుకుని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంకొక చిన్న ఫిర్యాదు కూడా ఉంది. 1988లో దీవి మీదికి వచ్చిన ఫ్రెంచి బృందంలోని రూసో, మెరుపుల వల్ల ఆ కాలంలో తేలిన మన విమాన ప్రయాణికుడు జిన్‌ను అప్పుడే కళ్లారా చూసింది. పదహారేళ్ల తర్వాత అతడు ఎదురైతే ఎందుకు గుర్తుపట్టలేదు? తెలిసినవారు చెప్పగలరు.


జవాబు: గుత్తికోట, అనంతపురం

తమ్ముడూ, మీ అక్కగారు గీసిన ఆ గీత ఈ కథకు సరైన తాళంచెవి. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. సాపేక్షతా సిద్ధాంతంలో ప్రతి వస్తువుకూ తన వెంట నడిచే సొంత గడియారం ఒకటి ఉంటుందని, ఊరందరి గడియారం వేరని మొదటి పాఠంలోనే చెప్పవలసి వస్తుంది. మీ నీలం సిరా ఆ సొంత గడియారమే. 1971లో హఫెలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీజియం పరమాణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని భూమిని చుట్టి వచ్చి, నేల మీది గడియారాలతో పోల్చి చూస్తే సెకనులో అతిచిన్న వంతుల తేడా నిజంగానే వచ్చింది. మన ఫోన్లలో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిచేయకపోతే దారి తప్పుతాము. నాలుగో సీజన్‌లో దీవికి దూరంగా నిలిచిన ఓడ నుంచి పంపిన చిన్న రాకెట్ దీవిని చేరేసరికి, దానిలోని గడియారానికీ ఫారడే చేతిలోని గడియారానికీ 31 నిమిషాల తేడా వస్తుంది కదా. మైక్రోసెకన్లను నిమిషాలుగా పెంచారు తప్ప, ఆ ఆలోచన గాలిలోంచి పుట్టినది కాదు.

వెనక్కి వెళ్లడం అలా కాదు. దాన్ని ఎవరూ చేసి చూపలేదు. కాకపోతే ఐన్‌స్టీన్ సమీకరణాలకు 1949లో కుర్ట్ గోడెల్ కనుగొన్న ఒక పరిష్కారంలో, ముందుకే నడుస్తూ పోయి మొదలుపెట్టిన క్షణానికే తిరిగి చేరే మార్గాలు ఉన్నాయి. అటువంటి మార్గాలుంటే గతంలోకి వెళ్లి తాతను చంపిన మనవడు అసలు పుట్టేదెలా అన్న చిక్కు రాదా అనే ప్రశ్నకు, 1980ల్లో ఇగోర్ నోవికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇచ్చిన జవాబు ఏమిటంటే, చుట్టు తిరిగి వచ్చే దారిలో తనతో తాను పొసగే సంఘటనలే జరుగుతాయి, పొసగనివి జరగనే జరగవు. జరిగినది జరిగిపోయింది అని ఈ కథలో పదేపదే వినిపించే మాటకు శాస్త్రపు భాషలో అర్థం అదే. గతం ఒక్కసారే జరుగుతుంది. మీరు అక్కడికి వెళ్లి ఉంటే, ఆ ఒక్కసారిలోనే మీరూ ఉన్నారు. మీరు లేని మొదటి ప్రతి, మీరు దిద్దిన రెండో ప్రతి అంటూ రెండు ఉండవు.

ఈ లెక్కన బాంబు సంగతి చూడండి. రెండో సీజన్‌లో, అంటే 2005లోనే, నేలమాళిగలో దొరికిన శిక్షణ చిత్రంలోని పెద్దమనిషి ఎడమ చేయి కదలకుండా కృత్రిమమైన చేయిలా కనిపిస్తుంది. ఆ చిత్రం మీద 1980 అని ఉంటుంది. అందులోనే ఏదో ఒక సంఘటన జరిగిందని, అప్పటి నుంచి మీట నొక్కవలసి వస్తోందని చెబుతాడు. అదే సీజన్‌లో సాయిద్ ఆ గోడల వెనక పోసిన కాంక్రీటును తట్టి చూసి, ఇలా అంతటినీ కాంక్రీటుతో కప్పేయడం చెర్నోబిల్ తర్వాత వినలేదని అంటాడు. నాలుగేళ్లు గడిచాక, అయిదో సీజన్ చివరి భాగంలో, తవ్వకం గోతిలోని అయస్కాంత శక్తి ఇనుమునంతా లాగుతుంటే ఆ పెద్దమనిషి, అంటే పియెర్ చాంగ్, చేయి ఇనుప సామాను కింద నలిగిపోవడం మన కళ్లముందే జరుగుతుంది. జాక్ వాళ్లు ఆపాలనుకున్న సంఘటనలో జాక్ వాళ్లు ఉండనే ఉన్నారు. వారు 2007లో కళ్లు తెరిచినప్పుడు ఎదురుగా ఆ నేలమాళిగ కూలిన గొయ్యి ఉంది. అంటే దాన్ని కట్టారు, మీట నొక్కారు, ఒక రోజు నొక్కలేదు, విమానం కూలింది. బాంబు వేసే ముందు మైల్స్ ఒక మాట అంటాడు: మనం చేయబోయే ఈ పనే ఆ సంఘటన అయితే? అతడి మాటకు ఎవరూ నిలవలేదు. నా దృష్టిలో ఆ సీజన్ మొత్తం మీద అంత తెలివైన ప్రశ్న మరొకటి లేదు.

ఇక దిక్సూచి. ముందు మీ నోటుబుక్కులో ఒక సంవత్సరం సరిగా ఉందో లేదో చూసుకోండి. గాయపడిన లాక్‌ను రిచర్డ్ కలిసింది 2007లో. అయిదో సీజన్ చివర్లో ఆ దృశ్యాన్నే రెండోవైపు నుంచి చూపిస్తారు. కాబట్టి దిక్సూచి రిచర్డ్ దగ్గర 1954 నుంచి 2007 దాకా 53 ఏళ్లు ఉంది. ఇటువంటి పుట్టుక లేని వస్తువులకు నోవికోవ్, లోసెవ్ 1992లో రాసిన పత్రంలో జిన్ అని పేరు పెట్టారు. అరబ్బు కథల్లో గాలిలోంచి ప్రత్యక్షమయ్యే జిన్ అనే భూతాన్ని తలచుకుని పెట్టిన పేరది, మన కథలోని జిన్ అనే మనిషితో దానికి సంబంధం లేదు. వస్తువు రూపంలోనివి ఒక రకం, ఎవరూ కనిపెట్టకుండానే చేతులు మారే సమాచారం మరొక రకం. మొదటి రకానికి ఉన్న పెద్ద చిక్కు అరుగుదల. చుట్టు పూర్తయ్యేసరికి వస్తువు అణువణువునా మొదట ఉన్నట్టే ఉండాలి.

దీన్ని ఫారడే నోటుపుస్తకంతో పోల్చి చూడండి, తేడా అర్థమవుతుంది. 1977లో ఫారడేను ఎలోయీస్ తుపాకీతో కాల్చిన తర్వాత, అతడి పుస్తకం మొదటి పేజీలో తన చేతిరాత చూసి తాను రాసిన గుర్తే లేదే అని నివ్వెరపోతుంది. అప్పటికి ఆమె రాయలేదు. అప్పటికి ఆమె కడుపులో ఉన్న బిడ్డే ఫారడే. అతడు ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా తీసుకున్న రోజున ఆమె ఆ పుస్తకం మీద రాసి కానుకగా ఇస్తుంది. ఈ పుస్తకం వెనక్కి ప్రయాణించింది గాని, దానికి పుట్టుక ఉంది, ముగింపు ఉంది. దిక్సూచికి లేనిది అదే. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ తల్లి కొడుకు చేత పియానో మాన్పించి గణితంలోకి నెట్టింది, తన చేతిలోనే చనిపోవడానికి దీవికి వెళ్లమని పంపింది. అన్నీ తెలిసే పంపింది. నేను ఈ ధారావాహికను మూడుసార్లు చూశాను. ఆ పియానో దృశ్యం వచ్చినప్పుడు ఇప్పటికీ కాసేపు ఆపి లేచి వెళ్లిపోతాను.

రూసో విషయంలో మీ ఫిర్యాదు సబబే. తన కళ్లముందు మాయమైన మనిషిని ఆమె మర్చిపోయిందంటే నమ్మడం కష్టం. రచయితలు 2004లో రూసోను రాసినప్పుడు 1988లో జిన్‌ను చూపించాలన్న ఆలోచన ఉండి ఉండదని నా అభిప్రాయం.


జవాబు: గడియారాల అంగడి, ప్రొద్దుటూరు

సార్ చెప్పిన అరుగుదల మాట నా వృత్తికి సంబంధించినది కాబట్టి రాస్తున్నాను. మా నాయన కాలం నుంచి మాది గడియారాలు బాగుచేసే అంగడి. సాధారణంగా దిక్సూచిలో ముల్లు ఒక సన్నని ఉక్కు మొన మీద నిలబడుతుంది. ముల్లు నడుమ చిన్న గిన్నె లాంటి గుంట ఉంటుంది, మంచివాటిలో అది గట్టిరాయితో చేసి ఉంటుంది. జేబులో పెట్టుకుని నడిచినంతకాలం ఆ గుంట మొన మీద అదురుతూనే ఉంటుంది. కొన్నేళ్లకు మొన మొద్దుబారుతుంది. అప్పుడు ముల్లు ఉత్తరానికి వచ్చి ఆగకుండా ఒక డిగ్రీ ఇటో అటో పట్టుకుని నిలిచిపోతుంది. వేలితో తడితే మళ్ళీ కదులుతుంది. చేతి గడియారంలో బ్యాలెన్స్ చక్రపు ఇరుసుకు కూడా ఇదే గతి. నా దగ్గరికి నలభై ఏళ్ల నాటి హెచ్ఎంటీ గడియారాలు వస్తాయి. కంటికి అద్దం పెట్టుకుని చూస్తే, ఆ ఇరుసు మొన గుండ్రంగా ఉండవలసినది ఒకవైపు చదునుగా అరిగి ఉంటుంది. 53 ఏళ్లు ఒక మనిషి దగ్గర ఉన్న దిక్సూచి, మొదటి రోజున ఉన్నట్టే ఉండటం జరగని పని. తుడిచినా, నూనె వేసినా అరిగిన లోహం తిరిగి రాదు.

అందుకే నాకు ఒక ఊహ తట్టింది. తప్పైతే దిద్దండి. రిచర్డ్ 1954లో లాక్ చేతి నుంచి ఒక దిక్సూచి తీసుకున్నాడు. అది ఎప్పుడో పాడైంది, లేదా పోయింది అనుకుందాము. రిచర్డ్ దీవి దాటి బయటి ఊళ్లకు వచ్చి పోయే మనిషి. అతడు బయట ఏదో ఒక అంగడిలో సరిగ్గా అటువంటిదే ఇంకొకటి కొన్నాడు. 2007లో లాక్‌కు ఇచ్చింది ఈ కొన్నది. లాక్ దాన్ని తీసుకుని 1954కు వెళ్లాడు. అంటే 1954లో రిచర్డ్ అందుకున్నది, తర్వాతెప్పుడో తానే కొనబోయే దిక్సూచి. పాత దిక్సూచి పాడైంది కూడా అదే, కొత్తగా కొన్నది కూడా అదే. ఎవరో తయారు చేశారు, ఎవరో అమ్మారు, వాడి వాడి చివరికి పాడైంది. చుట్టు ఎక్కడా లేదు, ఒకే దారం వెనక్కి ఒక మడత పడింది, అంతే. కొన్నాళ్లు ఒకే దిక్సూచి రెండు చోట్ల ఉన్నట్టు అవుతుంది గాని, 1977లో పసిబిడ్డ మైల్స్ తండ్రి ఒడిలో ఉండగా పెద్ద మైల్స్ కిటికీలోంచి చూడలేదా? మనిషికి చెల్లినది వస్తువుకు చెల్లకూడదా?

కథలో ఇలా కొన్నట్టు ఎక్కడా చూపలేదు. నేను సాక్ష్యం ఉందని చెప్పడం లేదు. మొదటి గడిలో రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుందని మాత్రమే చెబుతున్నాను.


జవాబు: ఒంటిమిట్ట, కడప

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మా మనవరాలి పక్కన కూర్చుని ఈ ధారావాహికను మొత్తం చూశాను. ప్రొద్దుటూరు ఆయన ఊహ నాకు ఎంతో నచ్చింది. అయితే ఆ దిక్సూచి ఎక్కడ పుట్టిందన్నదాని కంటే, దాన్ని ఎవరు చేతులు మార్పించారన్నది ముఖ్యమని నాకు తోస్తోంది. 2007లో వెళ్లి లాక్‌కు ఆ దిక్సూచి ఇవ్వు, అందరినీ వెనక్కి తేవాలంటే నువ్వు చచ్చిపోవాలని చెప్పు అని రిచర్డ్‌ను పంపినది లాక్ కాదు. లాక్ రూపం వేసుకున్న ఆ పొగ భూతం. తాను గొప్పపనికి పుట్టినవాడినని లాక్ జీవితాంతం నమ్మాడు. అతడి పుట్టుక నాడు ఆసుపత్రికి రిచర్డ్ రావడం, చిన్నతనంలో ఇంటికి వచ్చి కొన్ని వస్తువులు ముందుపెట్టి వీటిలో ఇప్పటికే నీవి ఏవి అని అడగడం, ఇవన్నీ 1954లో లాక్ తానే చెప్పిపోయిన మాటల ఫలితం. ఆ వస్తువుల్లో ఒక దిక్సూచి కూడా ఉంది, గుర్తుందా? పిల్లవాడు చివరికి కత్తిని ఎత్తుకుంటే రిచర్డ్ ముఖం మాడ్చుకుని వెళ్లిపోతాడు. నాలుగో సీజన్‌లో ఆ దృశ్యం అర్థం కాదు. అయిదో సీజన్ చూసి వెనక్కి వస్తే, ఇప్పటికే నీవి అన్న మాట బరువు తెలుస్తుంది. నువ్వు ప్రత్యేకమైనవాడివి అన్న మాటకు కూడా ఆ దిక్సూచికి లాగే పుట్టుక లేదు. అధ్యాపకులు చెప్పిన రెండో రకం జిన్ అదేననుకుంటాను.

మన కథల్లో కాలం మారిపోయే సందర్భాలు లేకపోలేదు. మా ఊరి కోదండరాముని సన్నిధిలో పోతనగారి పేరు తలవని రోజు ఉండదు. ఆ భాగవతం నవమ స్కంధంలో రైవతుడు కూతురు రేవతిని వెంటబెట్టుకుని, తగిన వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ పాట సాగుతూ ఉంటే ముగిసేదాకా ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. అతడు మనసులో అనుకున్న వరులే కాదు, వారి మనుమల గోత్రనామాలు సైతం వినబడని కాలం వస్తుంది. చివరికి రేవతి బలరాముడిని పెళ్లాడుతుంది. ఇది ముందుకే పోయే ప్రయాణం. రైవతుడు తిరిగి తన కాలానికి రాలేదు, రావాలని అడగనూ లేదు.

మా జిల్లాలో కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి కాలజ్ఞానం తెలియని ఇల్లు లేదు. ఏ వింత జరిగినా స్వామి ముందే చెప్పాడు అంటాము. అందుకని ఈ ధారావాహిక కూడా విధి గురించేనని మొదట నేను అనుకున్నాను. సాయిద్ కథ దగ్గర నా అభిప్రాయం మారింది. సాయిద్ 1977లో పన్నెండేళ్లు కూడా సరిగా నిండినట్టు లేని బెన్‌ను చూస్తాడు. ఇతడే పెరిగి ఇన్ని ఘోరాలు చేయబోతున్నాడు, ఇప్పుడే అంతం చేస్తే సరి అనుకుని పిల్లవాడి గుండెల మీద కాలుస్తాడు. ఆ పిల్లవాడు సాయిద్‌ను బందిఖానా నుంచి విడిపించి అడవిలోకి తెచ్చినవాడు. శస్త్రచికిత్స చేయమంటే జాక్ చేయనంటాడు. మూడో సీజన్‌లో పెద్ద బెన్ వెన్నులోని గడ్డను కోసి బతికించిన చేయి అది. గత్యంతరం లేక కేట్, సాయర్ ఆ పిల్లవాడిని మోసుకుపోయి రిచర్డ్‌కు అప్పగిస్తారు. బతికిస్తాను గాని ఇక ఇతడు ఇదివరకటి పిల్లవాడు కాడు, ఇది గుర్తుండదు, ఎప్పటికీ మావాడే అవుతాడు అని రిచర్డ్ చెప్పి లోపలికి ఎత్తుకుపోతాడు. బెన్‌ను బెన్‌గా చేసినది ఆ తూటా, ఆ నిరాకరణ, ఆ జాలి. విధి అంటే నుదుటి మీద ఎవరో రాసినది. ఇక్కడ ఎవరూ రాయలేదు. తమ చేతులతో తామే చేశారు, ఆ చేసినదాని ఫలితాన్ని అంతకు ముందే అనుభవించి ఉన్నారు. కర్మ ముందు, ఫలం తర్వాత అని మనం నేర్చుకున్న వరస తిరగబడింది గాని, బాధ్యత మాత్రం ఒక్క వీసం తగ్గలేదు. కాబట్టి జరిగినది జరిగిపోయింది అన్న మాటను చేతులు దులుపుకునే మాటగా తీసుకోవద్దని పిల్లలకు చెబుతాను.

అమ్మాయి అడిగిన జూలియెట్ సంగతి. ముగింపులో వారంతా కలుసుకునే ఆ లోకం బాంబు వల్ల పుట్టినది కాదు, చనిపోయిన తర్వాత అందరూ కలుసుకునేది. దీవి మీద జరిగినదంతా నిజంగా జరిగింది. మొదటి రోజే అందరూ చనిపోయారని చాలామంది పొరపాటు పడ్డారు. చివరి భాగం పేర్లు పడుతున్నప్పుడు మనుషులు లేని విమాన శకలాలను ఛానెల్ చూపించడం ఆ పొరపాటుకు కొంత కారణమైంది. కానీ చివర్లో చర్చిలో జాక్ తండ్రి స్పష్టంగానే చెబుతాడు: అందరూ ఎప్పుడో ఒకప్పుడు పోయినవారే, కొందరు నీకంటే ముందు, కొందరు నీ తర్వాత ఎంతో కాలానికి. జూలియెట్ చనిపోతూ పని చేసింది అన్న మాట మైల్స్ ద్వారా తెలుస్తుంది. ఆ మాట బాంబును గురించినది కాదు. అక్కడ, ఆ లోకంలో, ఆసుపత్రిలో, డబ్బులు వేస్తే మిఠాయి ఇచ్చే యంత్రం ఇరుక్కుపోయిన చోట సాయర్‌తో ఆమె అదే మాట అంటుంది. ఆమెకు చివరి క్షణంలో కనిపించినది అతడి ముఖం.


ప్రశ్న అడిగినవారు: తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

పెద్దలందరికీ ధన్యవాదాలు. సంవత్సరం దిద్దుకున్నాము. మేము నిజంగానే 2004 అని రాసుకున్నాము, గుత్తికోట సార్ చెప్పాక 2007 చేశాము. మిఠాయి యంత్రం దృశ్యాన్ని అక్క మళ్ళీ పెట్టించి చూసింది. ఆ తర్వాత ఆమె జూలియెట్ గురించి ఏమీ అడగలేదు. పేజీ తీసి నీలం సిరాతో చివరి వరస రాసింది, కుడివైపు సంవత్సరం గడిని వదిలేసింది.

ఒక్క విషయం మిగిలింది. మెరుపుల మధ్య సాయర్ వాళ్లు ఒడ్డున దొరికిన పడవలో తెడ్లు వేస్తూ పోతుంటే, వెనక ఇంకొక పడవలోనివారు వారి మీద కాల్పులు జరుపుతారు. జూలియెట్ తిరిగి కాలిస్తే ఒకరికి తగిలినట్టే కనిపిస్తుంది. వాళ్లు తీసుకున్న పడవలో, జాక్ వాళ్లు దీవికి తిరిగి వచ్చిన అజీరా విమానసంస్థ నీళ్ల సీసా ఉంది కాబట్టి అది 2007లోనో ఆ తర్వాతో జరిగిన సంగతి. జరిగినది జరిగిపోయింది అన్న నియమం ప్రకారం ఆ వెనక పడవలోనివారు మనకు తెలిసినవారే అయి ఉండవచ్చు. ఆరో సీజన్ అంతా వెతికినా ఆ దృశ్యం రెండోవైపు నుంచి మాకు కనిపించలేదు. మేము ఎక్కడైనా చూడక వదిలేశామా?


జవాబు: గుత్తికోట, అనంతపురం

మీరు వదిలేయలేదు తమ్ముడూ. ఆ దృశ్యాన్ని రెండోవైపు నుంచి ధారావాహికలో చూపనే లేదు. 121 భాగాల కథలో తెరిచి మూయని తలుపులు కొన్ని ఉన్నాయి, వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పియెర్ చాంగ్ చేతికి నాలుగేళ్ల తర్వాత లెక్క అప్పజెప్పినవారు, ఈ పడవకు కూడా చెప్పి ఉండవలసింది. తెలివైన ప్రేక్షకుడికి అది బాకీ.

విమానం కూలకముందు నేలమాళిగలో మీట నొక్కుతూ ఉన్న డెస్మండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక మాట. అతడికి నియమాలు వర్తించవని ఫారడే అంటాడు గాని, నాలుగో సీజన్ అయిదో భాగాన్ని మీ రెండు సిరాలతో రాసి చూడండి. 1996లో తన ప్రేయసి పెనీ దగ్గర ఫోన్ నంబరు తీసుకుని, 2004 డిసెంబరు 24న ఓడ మీద నుంచి ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు. ఎనిమిదేళ్లు నంబరు మార్చకుండా ఉంచుకున్న మనిషి అవతలివైపు ఫోను ఎత్తుతుంది. ఏ గతమూ మారలేదు. ప్రొద్దుటూరు అన్న చెప్పిన దిక్సూచి ఊహ కూడా అంతే శుభ్రంగా పొసగుతుంది. నేను మా విద్యార్థులకు రేపు అదే లెక్కగా ఇవ్వబోతున్నాను. మొదటి గడిలో ఏమి రాశారో మీరు కూడా చెప్పండి.


ప్రశ్న అడిగినవారు: తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

అక్క పెన్సిలుతో ఏదో ఒక అంగడి అని రాసింది సార్. సిరాతో రాయనన్నది. ఈ రాత్రికి చిన్న లాక్ ముందు రిచర్డ్ వస్తువులు పరిచే భాగాన్ని మళ్ళీ చూస్తున్నాము. ముల్లు ఎటు తిరిగి ఆగుతుందో ఈసారి గమనిస్తాము.